అణువు అక్కడొకటి, ఇక్కడొకటి: సరిహద్దు బడిలో ఉచిత సైన్సు వనరులు వెతుక్కోవడం ఎలా

మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరొంచ వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు, పదో తరగతి దాటి సైన్సులో చేరితే ఇంగ్లీషు పుస్తకాలు మోస్తారు. ప్రాణహిత నది దాటితే తెలంగాణ. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే మాత్రం అడవి దారిలో సగం రోజు గడిచిపోతుంది. మా బడి ప్రయోగశాల అంటే ఒక ఇనుప బీరువా. అందులో పగిలిన గాజు కుప్పెలు, ఎండిపోయిన లిట్మస్ కాగితాలు, ఒక అయస్కాంతం. ఆ అయస్కాంతం మాత్రం బాగా పనిచేస్తోంది, బీరువా తలుపు ఊడిపోకుండా పట్టుకునేది అదే.

ఇలాంటి చోట పనిచేసే ఉపాధ్యాయులకు, చదువుకునే పిల్లలకు "ఇంటర్నెట్‌లో అన్నీ ఉచితమే కదా" అనే మాట తరచూ వినబడుతుంది. ఉచితమే, కాదనను. కానీ అక్కడ దొరికే పాఠం ఒక భాషలో, మన పిల్లవాడి పుస్తకం ఇంకో భాషలో, వాడికి బుర్రకెక్కే మాట మరో భాషలో ఉంటాయి. ఈ మూడింటినీ ముందు ఒక తాటి మీదికి తెచ్చుకుంటే మిగతా వెతుకులాట తేలిక. అందుకే ఇక్కడ వరుస కొంచెం వేరుగా చెబుతున్నాను. ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, రాజురా వైపు వాళ్లకు ఉన్నదున్నట్టుగా పనికొస్తుంది. ఒడిశా సరిహద్దులో రాయగడ, గునుపురం, పర్లాకిమిడి వాళ్లు మరాఠీ అన్న చోట ఒడియా అని చదువుకోండి. పద్ధతి అదే, పదాల పట్టిక మాత్రం మీది మీరే రాసుకోవాలి.

మొదట ఫోను కాదు, నోటుబుక్కు తీయండి

ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. ప్రతి పేజీలో నిలువుగా మూడు గడులు గీయండి: మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు. ఏ పాఠం మొదలుపెట్టినా ముందు ఆ పాఠంలోని పది పన్నెండు ముఖ్యమైన పదాలను ఈ గడుల్లో నింపండి. ఆ తర్వాతే వెతకడం.

ఇంత చాదస్తం ఎందుకంటే, తొమ్మిదో తరగతి సైన్సులో "ఆమ్ల, ఆమ్లారీ వ క్షార" అని ఒక పాఠం ఉంది. దాని కోసం ఒక అమ్మాయి తెలుగు వీడియో చూసి వచ్చింది. తెలుగులో క్షారం అంటే ఏమిటో మీకు తెలుసు: ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చేది, చేతికి జారుడుగా తగిలేది. మరాఠీ పుస్తకంలో దాన్ని ఆమ్లారి అంటారు. అదే పుస్తకంలో క్షార అంటే మనం లవణం అనేది, అంటే ఉప్పుల జాతి. వీడియోలో చెప్పింది తప్పు కాదు, పుస్తకంలో రాసింది తప్పు కాదు, పిల్ల మాత్రం రెండింటి మధ్య ఇరుక్కుంది. "సర్, క్షారం అంటే సబ్బులో ఉండేదా, ఉప్పా?" అని అడిగింది. నిజానికి ఆ ప్రశ్న వేసినందుకు ఆమెకు మార్కులు వేయాలి. అడగకుండా పరీక్షలో తప్పు రాసినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు.

ఇంకో గండం అణువు. ఎనిమిదో తరగతిలో "అణూచే అంతరంగ్" అని పాఠం ఉంటుంది. మరాఠీలో అణు అంటే మన పరమాణువు. మన అణువును మరాఠీలో రేణు అంటారు. కాబట్టి మరాఠీ పుస్తకం చేతిలో పెట్టుకుని తెలుగులో "అణువు నిర్మాణం" అని వెతికితే ఒక మెట్టు పక్కన దిగుతారు. కేంద్రకం, ఎలక్ట్రాన్లు కావలసిన చోట నీటి అణువు బొమ్మ ఎదురవుతుంది.

జీవశాస్త్రంలో మరాఠీ పేశి అంటే మన కణం. పేషీ అనగానే మా ఇళ్లలో పెద్దవాళ్లకు కోర్టు వాయిదానో, మంత్రిగారి కార్యాలయమో గుర్తొస్తుంది. మళ్లీ మరాఠీలో కణ్ అన్న మాటా ఉంది, దానికి అర్థం ధూళికణం లాంటి సూక్ష్మమైన రేణువు. తెలుగులో కణం రెండు పనులూ చేస్తుంది. కణజాలాన్ని వాళ్లు ఊతి అంటారు. ద్రవ్యరాశి వాళ్లకు వస్తుమాన్, పీడనం దాబ్, వక్రీభవనం అపవర్తన్, ద్రవ్యవేగం సంవేగ్, మూలకం మూలద్రవ్య, సమ్మేళనం సంయుగ్, కిరణజన్య సంయోగక్రియ ప్రకాశసంశ్లేషణ్. వడిని చాల్ అంటారు. ఇక వేగం, త్వరణం, బలం, గురుత్వాకర్షణ, పరావర్తనం, ఆమ్లం రెండు చోట్లా ఒకటే కాబట్టి ఆ పాఠాల దగ్గర ఊపిరి పీల్చుకోవచ్చు.

పట్టికలో అచ్చం ఒకేలా వినిపిస్తూ అర్థం మారే పదాల కింద ఎర్ర సిరాతో గీత గీయండి. పూర్తిగా వేరుగా ఉండే పదం పిల్లవాణ్ణి మోసం చేయదు, తెలియదని వాడికి తెలుస్తుంది. దెబ్బతీసేవి క్షారం, అణువు లాంటివే.

పదం దొరకకపోతే వికీపీడియాను నిఘంటువులా వాడండి

ఈ పట్టిక నింపడానికి వికీపీడియా ఉంది. దాన్ని పాఠం కోసం కాకుండా, పేర్ల కోసం వాడుకోవడం చాలామందికి తట్టదు.

ఇలా చేయండి. తెలుగు వికీపీడియాలో "పరమాణువు" అని వెతకండి. పేజీ తెరుచుకున్నాక శీర్షిక దగ్గర భాషల గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ వ్యాసం ఏయే భాషల్లో ఉందో జాబితా వస్తుంది. అందులో మరాఠీ నొక్కండి. పైన కనిపించే శీర్షికే మీకు కావలసిన మరాఠీ పదం. వెనక్కి వచ్చి ఇంగ్లీషు నొక్కండి. మూడు గడులూ నిండాయి, పట్టిందల్లా ఒక నిమిషం. మరాఠీ పదం తెలిసి తెలుగు తెలియకపోతే అటు నుంచి ఇటు రండి. టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి పదాన్ని పలకండి. భాషను మరాఠీకి మార్చి పలికితే అదే దేవనాగరిలో రాసిపెడుతుంది.

ఒక జాగ్రత్త. కొన్ని వ్యాసాలు తెలుగులో రెండు వాక్యాలతో ఆగిపోయి ఉంటాయి, కొన్ని యంత్రానువాదంలా తడబడతాయి. శీర్షిక తీసుకోండి, లోపలి వివరణను పాఠ్యపుస్తకంతో పోల్చకుండా తరగతిలో చెప్పకండి. వివరంగా తెలుగు అర్థాలు కావాలంటే ఆంధ్రభారతి సైటులో నిఘంటువులన్నింటినీ ఒకేసారి వెతకవచ్చు, రూపాయి ఖర్చు లేదు. యంత్రానువాదపు యాప్‌ను మాత్రం సాంకేతిక పదాల కోసం నమ్మకండి. మామూలు మాటలకు బాగానే ఉంటుంది గానీ, పుస్తకం ఏ పదాన్ని ఖాయం చేసుకుందో దానికి తెలియదు.

పుస్తకాలు: పరీక్ష పెట్టేది ఎవరో మరచిపోకండి

పరీక్ష పెట్టేది మహారాష్ట్ర బోర్డు. కాబట్టి మూలం ఆ రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి వేసిన పుస్తకమే. ఈ-బాలభారతి సైటులో తరగతి, మాధ్యమం ఎంచుకుంటే పుస్తకం పీడీఎఫ్‌గా దిగుతుంది. ఒకే తరగతి సైన్సు పుస్తకాన్ని మరాఠీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి దింపుకోండి. పాఠాల వరుస, బొమ్మలు, కృత్యాలు ఒకటే కాబట్టి పక్కపక్కన పెట్టి చూస్తే మీ నోటుబుక్కులో రెండు గడులు వాటంతటవే నిండుతాయి. పదకొండో తరగతిలో ఇంగ్లీషు మీద పడే రోజుకు పిల్లవాడిని మెల్లగా సిద్ధం చేసే దారి ఇంతకంటే చవకగా నేను చూడలేదు.

మూడో గడి కోసం నది దాటాలి. తెలంగాణ ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) సైటులో పాఠ్యపుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. కొన్నేళ్లుగా అక్కడా, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు అచ్చు వేస్తున్నారు. పట్నం పిల్లల కోసం చేశారో, ఎవరి కోసం చేశారో గానీ మన పిల్లల కోసమే చేసినట్టున్నాయి. పాఠం పేరుతో వెతక్కండి, రెండు రాష్ట్రాల పాఠాల వరుస ఒకటి కాదు. మీ పట్టికలోని తెలుగు పదం పట్టుకుని విషయసూచికలో చూడండి.

పుస్తకంలో చదరపు క్యూఆర్ గుర్తు ఉంటే దాన్ని దీక్ష యాప్‌తో స్కాన్ చేయండి. 2017లో కేంద్రం మొదలుపెట్టిన వేదిక ఇది. ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు అక్కడ ఉంటాయి. యాప్‌లో దింపుకుంటే తర్వాత సిగ్నల్ లేకుండా చూడవచ్చు. నాణ్యత మాత్రం ఒక్కలా ఉండదు: కొన్ని వీడియోలు చక్కగా ఉంటాయి, కొన్నింటిలో ఉపాధ్యాయుడు పుస్తకాన్నే గట్టిగా చదువుతాడు. అలాంటిది ఎదురైతే మొహమాటపడకుండా మూసేయండి.

తెలుగులో పాఠం వినాలంటే తెలంగాణవారి టీ-శాట్ విద్య చానెల్ ఉంది. ఫోనే లేని ఇల్లయితే టీవీలో డీడీ ఫ్రీ డిష్ ద్వారా వచ్చే పీఎం ఈ-విద్య చానెళ్లు చూడవచ్చు, నెలవారీ చందా లేదు. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ప్రయోగాల విధానం చూడాలంటే అమృత విశ్వవిద్యాపీఠం, ముంబయిలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ సైటు ఉంది.

ఫెట్: చేతిలో పెట్టి, పక్కకు జరగండి

ఒక్కటే దింపుకునే వీలుంటే నేను ఫెట్ దింపుకుంటాను. ఇంగ్లీషులో పి, హెచ్, ఇ, టి అని నాలుగు అక్షరాలు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ అనే నోబెల్ గ్రహీత 2002లో దీన్ని మొదలుపెట్టారు. వీడియోలా చూసి ఊరుకునేది కాదు, వేలితో కదిపి ఏమవుతుందో చూసే బొమ్మ ప్రయోగం. దీన్ని సిమ్యులేషన్ అంటారు.

కావలసిన సిమ్యులేషన్ పేజీలో అనువాదాల జాబితా ఉంటుంది. అందులో తెలుగు, మరాఠీ రెండూ చూడండి. అన్ని సిమ్యులేషన్లూ అన్ని భాషల్లో ఉండవు, ఒక్కోసారి ఒకటే దొరుకుతుంది. దొరికినదాని పక్కన దింపుకునే బాణం గుర్తు నొక్కితే ఒకే ఒక్క ఫైలు దిగుతుంది. అది కొద్ది ఎంబీలే ఉంటుంది, పది నిమిషాల వీడియో కంటే చాలా చిన్నది. ఇక ఆ తర్వాత ఇంటర్నెట్ అక్కరలేదు. ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపవచ్చు, బ్లూటూత్‌లో ఇవ్వవచ్చు. తెరిచినప్పుడు తెల్ల తెర వస్తే కంగారుపడకండి, "దేనితో తెరవాలి" అని అడిగినప్పుడు క్రోమ్ ఎంచుకోండి.

పరమాణువును మనమే కట్టే సిమ్యులేషన్‌తో మొదలుపెట్టండి. తెర కింద మూడు తొట్లు ఉంటాయి: ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు. ఒక ప్రోటాన్‌ను మధ్యలో వదిలితే హైడ్రోజన్ అని వస్తుంది. రెండోది వదలగానే పేరు హీలియం అయిపోతుంది, కానీ కేంద్రకం వణుకుతూ అస్థిరం అని చూపుతుంది. ఇక్కడ పిల్లలు ఆగి, "ఎందుకు వణుకుతోంది?" అంటారు. జవాబు చెప్పకండి. కాసేపట్లో ఎవరో ఒకరు న్యూట్రాన్ వేస్తారు, వణుకు ఆగుతుంది. ఎలక్ట్రాన్లు వేస్తే పేరు మారదు, విద్యుదావేశం మాత్రం మారుతుంది. మూలకం పేరును నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్యే అన్న సంగతి బోర్డు మీద రాస్తే రాసుకుంటారు. ఇలా వేలితో పట్టుకుంటే ఇంటికెళ్లి అక్కకు కూడా చెబుతారు.

పది మందికి ఒక ఫోను ఉన్నా సరిపోతుంది. ఒకరు కదుపుతారు, ఒకరు ఫలితం నోటుబుక్కులో రాస్తారు, మిగతావాళ్లు ముందే ఊహించి చెబుతారు: "ఇప్పుడు మూడో ప్రోటాన్ వేస్తే ఏం వస్తుంది?" ఊహ చెప్పకుండా ఎవరూ వేలు పెట్టకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే ఫెట్ వీడియో గేమ్ అయిపోతుంది.

తెర మూసి, అగ్గిపెట్టె తెరవండి

ఫోనులోని ప్రయోగం ఎంత బాగున్నా దానికి వాసన ఉండదు, వేలు కాలదు. అందుకు అరవింద్ గుప్తా సైటు ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడానికే జీవితాన్ని ఇచ్చిన మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సైటులో పుస్తకాలు, బొమ్మల తయారీ వీడియోలు వందల కొద్దీ ఉచితం. మరాఠీ పుస్తకాలు దండిగా ఉన్నాయి. భాష రాకపోయినా బొమ్మలు చూసి చేయవచ్చు, అదే వాటి గొప్పతనం.

మొదటిసారి చేయవలసింది అగ్గిపుల్లల ఆట. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు అడగండి. దాన్ని వేలి గోరంత ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కలో రెండు పక్కల నుంచి రెండు అగ్గిపుల్లలు గుచ్చితే అది వంగే కీలు అవుతుంది. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి వేలితో నెట్టండి, పక్కకు ఒరిగిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసి నెట్టండి, కదలదు. ఇప్పుడు పిల్లలను బయటికి తీసుకెళ్లి సెల్ టవర్ చూపించండి. అడ్డకమ్మీలన్నీ త్రిభుజాలుగానే ఎందుకున్నాయో చెప్పవలసిన పని ఉండదు. పుల్లల మందు తలలు ముందే గీకేయండి, ఈ మాట చెప్పడం మరచిపోయి నేనొకసారి చొక్కా కాల్చుకున్నాను.

రెండోది మోటారు. ఒక టార్చి బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక చిన్న అయస్కాంతం, పాత మోటారు నుంచి తీసిన ఎనామెల్ రాగి తీగ. తీగను పది చుట్లు చుట్టి రెండు కొసలు చెరో పక్కకు తీయండి. పదిమంది చేస్తే ఎనిమిది మోటార్లు తిరగవు, కారణం ఎప్పుడూ ఒకటే: కొసలను గీకడం. ఒక కొసకు ఎనామెల్ పూత మొత్తం గీకాలి. రెండో కొసకు పై సగం మాత్రమే గీకి, కింది సగం వదిలేయాలి. రెండూ పూర్తిగా గీకితే చుట్ట సగం తిరిగి, వెనక్కి లాగినట్టయి ఊగుతూ ఉండిపోతుంది. సగం పూత వదిలితే ఆ సగం తిరుగుడులో కరెంటు తెగుతుంది, చుట్ట తన ఊపుతోనే ముందుకు పోతుంది. వీడియోలో ఈ ముక్క రెండు సెకన్లలో దాటిపోతుంది. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించండి.

ఫోనే కొలిచే పరికరం

ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు. ఇంగ్లీషులో వెతకడానికి అక్షరాలు: పి హెచ్ వై పి హెచ్ ఓ ఎక్స్. ఫోనులో ఇప్పటికే ఉన్న మైకు, త్వరణమాపకం, అయస్కాంత సంవేదకం లాంటివాటిని ప్రయోగానికి వాడుకునేలా చేస్తుంది. ఒకసారి దింపుకుంటే సిగ్నల్ అక్కరలేదు.

ధ్వని వేగం కొలవడం ఇలా. ఇద్దరి ఫోన్లలో ఈ యాప్‌లోని శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ తెరవండి. మైదానంలో టేపుతో సరిగ్గా 10 మీటర్లు కొలిచి రెండు కొసల్లో రెండు ఫోన్లు పెట్టండి. ఒక్కో ఫోను దగ్గర ఒక పిల్లవాడు స్టీలు పళ్లెం, గరిటెతో నిలబడాలి. మొదటివాడు కొడతాడు, రెండు గడియారాలూ మొదలవుతాయి. రెండో ఫోను మాత్రం శబ్దం 10 మీటర్లు ప్రయాణించాక మొదలవుతుంది. కాసేపాగి రెండోవాడు కొడతాడు, రెండూ ఆగుతాయి. ఈసారి ఆలస్యంగా ఆగేది మొదటి ఫోను. అంటే రెండు ఫోన్ల అంకెల మధ్య తేడా, ధ్వని 20 మీటర్లు వెళ్లడానికి పట్టిన సమయం. తేడా 0.057 సెకన్లు వస్తే 20ని దానితో భాగించండి, 351 వస్తుంది. ఎండాకాలంలో 35 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు దాదాపు 352 మీటర్లు.

మొదటి ప్రయత్నంలో ఇంత ముచ్చటగా రాదు. గాలికి, పక్క తరగతి అరుపులకు గడియారం తనంతట తానే మొదలవుతుంది. యాప్‌లో ఎంత గట్టి శబ్దానికి స్పందించాలో నిర్ణయించే అంకె ఉంటుంది, దాన్ని కొంచెం పెంచండి. మొదటి దెబ్బ మారుమోగి వెంటనే ఆగిపోతుంటే, కనీస విరామం అన్న అంకెను పెంచండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. చలికాలం ఉదయం చేస్తే వేగం తగ్గాలి కదా అని తెలివైన పిల్ల ఎవరైనా అడుగుతుంది. తగ్గుతుంది, కానీ 20 మీటర్లకు ఆ తేడా సుమారు రెండు మిల్లీసెకన్లే. అది పట్టుకోవాలంటే దూరం పెంచాలి, అప్పుడు పళ్లెం చాలదు, దేవుడి గంట కావాలి.

మన కాళ్ల కింది పాఠం

శిలాజాల పాఠానికి అమెరికా డైనోసార్ల వీడియో చూపించకండి. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా ఊరి పేరు మీదే భూగర్భశాస్త్రంలో కోటా రాతి పొరలు అని ఒక పేరుంది. ఈ ప్రాణహిత-గోదావరి లోయలోనే 1961 ప్రాంతంలో ఒక పెద్ద శాకాహార డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో "బడ పా" అంటే పెద్ద కాలు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది తవ్వకం మొదలైనందుకు రెండో పేరు. అమర్చిన అస్థిపంజరం కోల్‌కతాలో భారతీయ గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. ఈ పేరును ఇంగ్లీషులో టైపు చేసి ఉచిత బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్‌లో వెతకండి, బొమ్మలు ఉచితంగా వాడుకోవచ్చు. బొమ్మ కింద తీసినవారి పేరు, లైసెన్సు రాసి ఉంటాయి, గోడకు అంటించేటప్పుడు ఆ పేరు కూడా రాయండి. వీలైతే సిరొంచ తాలూకాలోనే ఉన్న వడదం శిలాజాల పార్కుకు పిల్లలను నడిపించండి.

ఆకాశం పాఠానికి నక్షత్రాలను తెర మీద చూపించే స్టెల్లేరియం ఉంది, ఉచితం. పట్నంలో దాన్ని చూసి ఆకాశాన్ని ఊహించుకోవాలి, మనకు తలెత్తితే చాలు. తెర మీద మీ ఊరి పేరు, ఆ రాత్రి ఎనిమిది గంటలు పెట్టి ఏ దిక్కున ఏముందో ఒక కాగితం మీద గీసుకుని, ఫోను జేబులో పెట్టి బయటికి వెళ్లండి.

ఉచితం కాని ఉచితాలు

ఒకసారి నేను మరాఠీలో గైడ్ కోసం వెతుకుతూ "ఉచిత సైన్సు నోట్సు" అన్న సైటులో పడ్డాను. పేజీలో దింపుకొనే బటన్లు నాలుగు ఉన్నాయి, అందులో మూడు ప్రకటనలు. నాలుగోది నొక్కితే యాప్ పెట్టుకోమంది, యాప్ ఫోను నంబరు అడిగింది. ఆ తర్వాత వారం రోజులు ఎవరెవరో ఫోను చేసి కోర్సు కొనమన్నారు. అప్పటి నుంచి నా లెక్క తేలిక: పాఠం చూపించే ముందే ఫోను నంబరు, ఓటీపీ, బ్యాంకు కార్డు అడిగేది ఏదైనా వదిలేస్తాను. యాప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా ఫైలుగా పంపితే పెట్టుకోను. దీక్ష లాంటి ప్రభుత్వ యాప్‌కు సైతం అచ్చం అలాంటి పేరుతో నకిలీలు ఉండవచ్చు, తయారుచేసినవారి పేరు చూసి పెట్టుకోండి.

పిల్లల ఫోటోలు, పేర్లు అడిగే ప్రాజెక్టులు ఏవైనా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకుండా పంపకండి.

ఒక మెమరీ కార్డు, ఒక బడి

సిగ్నల్ ఉన్న చోట ఉన్నప్పుడే దింపుకోవాలి. చెన్నూరు, మంచిర్యాల వెళ్లిన రోజున, లేదా ఎవరి ఇంట్లో వైఫై ఉందో వాళ్ల అరుగు మీద కూర్చుని ఒక గంటలో నెలకు సరిపడా దింపవచ్చు. యూట్యూబ్ వీడియోలు యాప్‌లో దింపేటప్పుడు నాణ్యత 360 దగ్గర పెట్టండి, బోర్డు మీది అక్షరాలు కనబడటానికి అంత చాలు.

వికీపీడియా మొత్తాన్ని ఇంటర్నెట్ లేకుండా చదవడానికి కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంది. తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దిగుతుంది, మరాఠీదీ అంతే. రెండూ ఒకే కార్డులో పెట్టుకోండి. భాష మార్చే గుర్తు మాత్రం ఇందులో పనిచేయదు కాబట్టి పదాల పట్టిక ముందే నిండి ఉండాలి.

కార్డులో ఫోల్డర్లకు తరగతి అంకె, పాఠం అంకె పెట్టండి: 08-05 అంటే ఎనిమిదో తరగతి, ఐదో పాఠం. వాటి లోపల మూడే ఉండాలి: ఒక సిమ్యులేషన్, ఒక వీడియో, నోటుబుక్కులోని ఆ పాఠం పదాల పేజీకి తీసిన ఫోటో. నాలుగోది పెట్టాలనిపిస్తే ముందు ఒకటి తీసేయండి. నా మొదటి కార్డులో నాలుగు వందల వీడియోలు ఉండేవి, ఒక్క పిల్లవాడు కూడా ఐదోది దాటలేదు.

కార్డును ఓటీజీ పిన్నుకు (ఫోనుకు బయటి కార్డును కలిపే చిన్న ముక్క) తగిలించి ఎవరి ఫోనుకైనా పెట్టవచ్చు. బడిలో ఒక కార్డు ఎవరి దగ్గర ఉందో తేదీ వేసి రాసుకోండి, లేకపోతే పెళ్లి ఫోటోలతో నిండి తిరిగి వస్తుంది. మా కార్డు ఒకసారి ధాన్యం కొలిచే రోజుల్లో పోయి, ఇరవై రోజుల తర్వాత ఒక ట్రాక్టరు పాటల పెట్టెలో దొరికింది. 08-05 ఫోల్డరు మాత్రం చెక్కుచెదరలేదు.